అవతలి మాట

ఆస్పత్రిలో చిన్నాపెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. నర్సుల యూనియన్‌కి అధ్యక్షురాలు. పదవీ విరమణ వయసు అరవై నుంచి అరవై అయిదుకు పెంచుతామని ప్రభుత్వం అన్నప్పటి నుంచి టీవీ వాళ్లు ఆమెను వారం వారం చర్చకు పిలుస్తున్నారు. ఆమె పెంపు వద్దంటుంది. ఎదుటి కుర్చీలో ఎప్పుడూ ఒకాయనే, పెంపు తప్పదనే ప్రొఫెసర్, పింఛన్ల మీద పుస్తకం రాసినాయన. ఆయన నోరు తెరవడం, ఈమె అడ్డుపడటం. మర్నాడు వార్డులో అందరూ భలే కడిగేశావక్కా అనేవారు. అందరికన్నా పొంగిపోయేది అక్కడే పనిచేసే ఆమె సొంత చెల్లెలు.

ఒక సాయంత్రం మేకప్ గదిలో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. మొహానికి పౌడర్ అద్దుతుంటే కదలడానికి లేదు. ఊరకే ఉండలేక ఆయన ఆమె మోకాలి పట్టీ సంగతి అడిగాడు. మంచాన పడ్డవాళ్లను ఎత్తీ ఎత్తీ అరిగిపోయిందని, యాభై దాటిన నర్సులందరిదీ అదే వరస అని ఆమె చెప్పింది. ఒళ్లు హూనమయ్యే పనుల్లో ఉన్నవాళ్లకు ఈ పెంపు వద్దనే తన పుస్తకంలో రాశానని, టీవీలో ఆ ముక్క దాకా తనను ఎవరూ రానివ్వలేదని ఆయన అన్నాడు. రానివ్వనిది ఎవరో ఆమెకు తెలుసు. కొత్తగా చేరేవాళ్లు తగ్గిపోతున్నారని, ఇలాగైతే చిన్నవాళ్ల దాకా పింఛన్ రాదేమోనని తనకూ బెంగగా ఉందని ఆమె ఒప్పుకుంది.

చర్చ మొదలవగానే యాంకర్ ఆమెవైపు తిరిగి, ఈయన మీ నోటికాడ కూడు లాక్కుంటున్నాడా లేదా అని అడిగాడు. కోపం అలవాటు కొద్దీ గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

"ఆయన ఏమంటున్నారో ముందు నేను చెప్తాను. తప్పుంటే ఆయన దిద్దుతారు. తర్వాత నా మాట ఆయన చెప్పాలి. పోట్లాట ఆ తర్వాత."

చెప్పింది. ఆయన ఒకచోట దిద్దాడు. ఆమె మాట ఆయన మొదలుపెట్టేసరికి ప్రకటనలు వేసేశారు. ఇల్లు చేరేలోపు 'నర్సుల్లో చీలిక' అని తెర కింద పరిగెడుతోంది. ఫోన్ నిండా తిట్లు. చెల్లెలు ఫోన్ ఎత్తలేదు.

మర్నాడు యూనియన్ కమిటీ కూర్చుంది. రాజీనామా చేస్తానంది ఆమె. కార్యదర్శి తల అడ్డంగా ఊపాడు.

"మీరు దిగిపోతే చీలిక నిజమే అంటారు. కుర్చీలో మీరే ఉండాలి. మాట మాత్రం మేం రాసిచ్చిందే."

తరువాతి వారం ఇద్దరికీ వేరువేరు మేకప్ గదులు ఇచ్చారు. కమిటీ రాసిచ్చిందే ఆమె అప్పజెప్పింది. గొంతు మునుపటిలాగే లేచింది. ప్రొఫెసర్ ఆమె మొహంలోకి చూసి చూసి, చివరికి ఆయన కూడా అరవడం మొదలుపెట్టాడు. వార్డులో మళ్లీ భలే కడిగేశావన్నారు. ఆమె ఆగకుండా నడిచింది.

బట్టలు మార్చుకునే గదిలో చెల్లెలు ఆమె పక్కన వచ్చి కూర్చుంది. ఇన్నాళ్లకు మాట కలిపింది.

"నిన్న అన్నవన్నీ నువ్వు నమ్మినవేనా అక్కా?"

"సగం."

"మిగతా సగమేంటి?"

గదిలో ఇంకా నలుగురున్నారు. తల దువ్వుకుంటున్నట్టే ఉన్నారు గానీ చెవులన్నీ ఇటే. అక్క గొంతు తగ్గించి, ప్రొఫెసర్ పుస్తకంలో ఏముందో, అందులో తనకు ఎక్కడ మింగుడుపడలేదో చెప్పడం మొదలుపెట్టింది. ఒకావిడ ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లింది, కార్యదర్శికి చెప్పడానికే అయ్యుంటుంది. అక్క ఆమెను ఆపలేదు. మాటా ఆపలేదు.