సేవ్ చెయ్యని వరుస

ఫ్యాను గొడవ మొదలై అప్పటికి అరగంట. మూడు రోజులుగా కరకరమంటున్న హాల్లో ఫ్యాను ఆ ఆదివారం పొద్దున తిరగడమే మానేసింది.

"ఫోన్లో నొక్కితే గంటలో మనిషొస్తాడమ్మా," అన్నారు మా ఆయన.

"వస్తాడు, ముక్కూ మొహం తెలియనివాడు. కరెంటు మేస్త్రికైతే ఈ ఇంట్లో ఏ తీగ ఎక్కడుందో తెలుసు," అన్నారు అత్తగారు.

"ఆయనకి కళ్ళు సరిగా కనబడవు."

"నీకు కనబడుతున్నాయిగా, ఏం వెలగబెట్టావు? నెల నుంచి బాత్రూం బల్బు మార్చావా?"

మా అమ్మాయి పుస్తకం చాటు నుంచి కిసుక్కుమంది. "టెస్టర్ తాతయితే కబుర్లు కూడా చెబుతాడు నాన్నా. నానమ్మకి అదీ కావాలి." మేస్త్రి చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరుంటుందని చిన్నప్పుడు అది పెట్టిన పేరు.

"పోనీ ఈవిడ చూడచ్చుగా!" అత్తగారు నావైపు తిరిగారు. "ఆస్పత్రిలో స్విచ్చులు చూసే ఉద్యోగమేగా."

అందరూ నవ్వారు. పదేళ్ళుగా నవ్వుతున్నదే. నేను బట్టలు మడతపెడుతూ, "ఫోన్లోనే పిలవండి," అన్నాను.

నేను చూసే స్విచ్చులు వేరు. ఆస్పత్రిలో కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి చేరే పెట్టెలవి. ఏ యంత్రం ఏ యంత్రానికి సమాచారం పంపచ్చో ఒక్కో పెట్టెలో జాబితా రాసిపెడతాను. పెట్టె దాన్ని పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్తుంది. జాబితాలో చోటు లేనిదాన్ని ఆఖర్న తోసేస్తుంది, చప్పుడు చెయ్యకుండా.

రెండు నెలల కిందట ల్యాబులోకి కొత్త రక్తపరీక్ష యంత్రం వచ్చింది. దాని ఫలితాలు ఐ.సి.యు. తెరమీదికి వెళ్ళేలా రెండో అంతస్తు స్విచ్చులో ఒక వరుస చేర్చాను. వెంటనే పనిచేసింది. ఈలోగా ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాను. సేవ్ చెయ్యలేదు. చెయ్యకపోయినా ఆ వరుస పనిచేస్తూనే ఉంటుంది, పెట్టెకి కరెంటు ఉన్నంతసేపూ.

మూడు వారాల తరవాత మేస్త్రి నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆస్పత్రి కరెంటు పనులన్నీ పద్దెనిమిదేళ్ళుగా ఆయనవే. నా ద్వారానే మా ఇంటికీ అలవాటయ్యాడు.

"అమ్మా, రెండో అంతస్తు బ్యాటరీ మారుస్తున్నా. మీ పెట్టె ఓ పది నిమిషాలు ఆగుతుంది. కరెంటు తియ్యనా?"

"తీసెయ్యండి మేస్త్రిగారూ," అన్నాను. తలెత్తి చూడను కూడా లేదు.

పెట్టె ఆగి, పాత జాబితాతో లేచింది. కొత్త యంత్రం పంపినవన్నీ అక్కడే ఆగిపోయాయి. రెండు గంటల దాకా ఎవరూ గమనించలేదు. ఐ.సి.యు.లో ఒకావిడకి పొటాషియం పడిపోయిన సంగతి డాక్టరుకి ఆలస్యంగా తెలిసింది. ఆవిడ గట్టెక్కింది. ఇంకో అరగంటయితే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు.

మర్నాడు సూపరింటెండెంటుగారు అందర్నీ కూర్చోబెట్టి, "లాగ్‌లో ఏముంది?" అని నన్నడిగారు. పెట్టె తన పని గురించి రాసుకునే చిట్టా అది. దేన్ని తోసేసిందో కూడా రాయాలంటే మనం విడిగా చెప్పాలి, రాసింది వేరే కంప్యూటర్లో దాచాలి. ఈ రెండూ ఏడాదిగా రేపు రేపంటూ నెట్టుకొచ్చాను. నేను వరుస చేర్చిన గుర్తు పెట్టె జ్ఞాపకంలో ఉండేది. కరెంటుతోపాటు అదీ పోయింది.

"ఏమీ లేదు సార్. కరెంటు తీసినప్పుడు సెట్టింగులు పోయాయి."

"ఎవర్నడిగి తీశావయ్యా?"

మేస్త్రి నావైపు చూశాడు. నేను ఎదురుగా ఉన్న కాగితాలు సర్దుకున్నాను.

"అడిగే తీశానండి," అన్నాడు. ఎవర్నని మళ్ళీ గద్దిస్తే, "సరిగ్గా గుర్తులేదండి," అన్నాడు. ఆ వారమే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

తరవాత నేను అన్నీ సరిచేశాను. ఇప్పుడు తోసేసిన ప్రతిదీ టైముతో సహా వేరే కంప్యూటర్లో నమోదవుతుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ వరుసలన్నీ చదువుతాను. చాలా బాగా చేశారమ్మా అన్నారు సూపరింటెండెంటుగారు. థాంక్యూ సార్ అన్నాను.

"మీ యాపులొద్దు, గీపులొద్దు," అంటూ అత్తగారు ఫోను తీసి మేస్త్రికి కలిపేశారు. చెవి సరిగా వినబడదని స్పీకరు పెట్టుకుంటారు.

"ఏం మేస్త్రీ, మమ్మల్ని మర్చిపోయావా? ఫ్యాను ఆగిపోయింది, ఓసారి రా నాయనా."

"వస్తానమ్మా. రేపు పదింటికి రానా?"

"రేపెందుకూ? ఇవాళ అందరం ఇంట్లోనే ఉన్నాం."



"కోడలుగారు ఆఫీసుకెళ్ళాక వస్తానమ్మా. నన్ను చూస్తే ఆవిడ ఇబ్బంది పడతారు. ఎందుకులెండి."

అత్తగారు ఫోను ఒళ్ళో పెట్టుకుని నన్ను చూశారు. "ఏమన్నావే ఆయన్ని?"

"ఏమీ అనలేదత్తయ్యా. నన్నడిగే తీశాడని కూడా అనలేదు."

మడతపెట్టిన బట్టలు పక్కకి జరిపి, జరిగిందంతా చెప్పాను. మా అమ్మాయి పుస్తకం మూసేసింది.

"ఇప్పుడెందుకు తవ్వుకోవడం?" మా ఆయన గొంతు తగ్గించారు. "ఎక్కడా ఆధారం లేదంటున్నావు. దాని చదువింకా రెండేళ్ళుంది."

"మరి తాతకిప్పుడు పనెక్కడమ్మా?" అంది అమ్మాయి.

"బజార్లో ఎవరిదో కొట్టు అరుగు మీద కూర్చుని మిక్సీలు బాగుచేస్తున్నాడట," అన్నారు అత్తగారు. "పక్కింటావిడ చెబితే నేను నమ్మలేదు. ఆస్పత్రి వదిలి ఎందుకెళ్తాడే అన్నాను."

మా ఆయన ఇంకేదో అనబోయి, వాళ్ళమ్మ మొహం చూసి ఆగిపోయారు.

"రేపు పొద్దున్నే సూపరింటెండెంటుగారికి రాసిస్తాను," అన్నాను. "మేస్త్రిగారు నన్నడిగే తీశారనీ, సేవ్ చెయ్యనిది నేనేననీ. ఉద్యోగం ఉండచ్చు, పోవచ్చు. ముందు మీ ముగ్గురికీ చెబుతున్నాను."