రమ్ము సీసా మీది అవ్వ

భార్య విద్య డ్యూటీకి, కూతురు ధరణి బడికి వెళ్లిపోయాక జయదేవ్ ఇల్లంతా ఒకసారి తిరుగుతాడు. నాలుగు ఉద్యోగాలకి అప్లై చేస్తాడు. మధ్యాహ్నం టీ పెట్టుకుని అందులో రమ్ము కలుపుకుంటాడు. పరాయి దేశంలో ఈ సర్రీ ఊళ్లో వాన ఎప్పుడూ ఉండేదే కాబట్టి, వానకి వెచ్చగా ఉంటుందని తనకి తనే చెప్పుకుంటాడు. తాగేవాడికి సాకులకేం తక్కువ!

ఆ సీసా అతని ఉద్యోగం ఊడిన రోజున టీమ్ వాళ్లు చేతిలో పెట్టినది. హిందూ మహాసముద్రంలో ఏదో దీవి, అక్కడ తాతల కాలం నాటి చెరకు ఎస్టేట్, అక్కడి సరుకు. లేబుల్ మీద చెరకు తోట, మిల్లు పొగగొట్టం, నెత్తిన మోపుతో ఒక ముసలామె. మూత తీస్తే ఆమె కిందికి దిగేది. మూత పెడితే వెళ్లిపోయేది. తాళ్లరేవు వైపు మనిషి. అప్పట్లో ఓడెక్కి కూలికి పోయినవాళ్లలో ఒకతె. జయదేవ్ ఆమెని అవ్వా అనేవాడు. మోపు గోడకి ఆనించి, ఊరికే కూర్చోలేక, సింకులో గిన్నెలన్నీ తోమేసేది.

అసలు రమ్ము ఎప్పుడో అయిపోయింది. జయదేవ్ చవకరకం తెచ్చి, అదే సీసాలో అదే మట్టానికి పోసి ఉంచేవాడు. అవ్వ దానికీ దిగేది. విద్య వచ్చేలోపు మూత బిగించేసేవాడు.

"గిన్నెలెవరు కడిగారు?" అని విద్య అడిగితే, "నేనే" అనేవాడు. పెళ్లయినప్పటినుంచీ గ్లాసు కూడా కడగని మనిషి కడిగానంటే నమ్మేంత అమాయకురాలు కాదు విద్య.

ఒకరోజు అతని నోటి వాసన పసిగట్టి, "డ్రైవ్ చేసేముందు మందు ముట్టనని ధరణి మీద ఒట్టేయండి" అంది.

వేశాడు. మర్నాడే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు. స్కేటింగ్ క్లాసు నుంచి పిల్లని తీసుకురావడం అతని పని. ధరణి వెనక సీట్లో బెల్టు రెండు చేతుల్తో పట్టుకుని, ఇల్లు చేరేదాకా మాట్లాడేది కాదు. అలిసిపోయింది కాబోలు అనుకునేవాడు ఆ తండ్రి.

ఒకరోజు మెంతికూర వలుస్తూ అవ్వ చెప్పింది. "మా ఆయనకి శనివారం కూలితోపాటు ఈ రమ్మే పోసేవోరు బాబూ. తాగి బండి తోలాడు. చక్రం కింద మా బుల్లోడు పడ్డాడు."

జయదేవ్ టీ కప్పు కింద పెట్టాడు. "తర్వాత ఏం చేశావవ్వా?"

"ఏం చేత్తాం? మోపెత్తుకున్నాను. సోమారం పనుంటది గదా."

ఆ రోజు టీ పారబోశాడు. మర్నాడు మళ్లీ మామూలే.

చివరి రౌండు దాకా వెళ్లిన ఇంటర్వ్యూ కూడా పోయిందని మెయిల్ వచ్చిన రోజు, టీ మానేసి ఉత్త రమ్మే తాగాడు. అవ్వ తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉంది. క్లాసు వదిలే వేళయింది. అలవాటు ప్రకారం మూత బిగించాడు. అవ్వ వెళ్లిపోయింది. జాకెట్ వేసుకుని తలుపు పక్క కొక్కేనికి చెయ్యి చాపితే కారు తాళం లేదు. జేబుల్లో లేదు, సోఫా సందుల్లో లేదు. రెండో తాళం విద్య పర్సులో ఉంది. తిట్టుకుంటూ వెనక్కి తిరిగేసరికి మోపు ఇంకా గోడకే ఆని ఉంది.

సీసా అందుకున్నాడు. లేబుల్ మీద అవ్వ నెత్తి ఖాళీగా ఉంది. బొడ్లో దోపిన కారు తాళం మీద ఆమె చెయ్యి ఉంది.

మూత మీద వేళ్లు పెట్టాడు. తీస్తే దిగొస్తుంది, ముసలిదాని చేతిలోంచి తాళం లాక్కోవడం ఎంతసేపు? సరిగ్గా ఆ ఆలోచనకే తన మీద తనకి భయమేసింది. అప్పుడే ఫోన్ మోగింది.

"నాన్నా, వేర్ ఆర్ యూ? ఎవ్రీబడీ లెఫ్ట్."

వచ్చేస్తున్నా అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"నేను తాగి ఉన్నానమ్మా. డ్రైవ్ చెయ్యలేను. కోచ్ దగ్గరే కూర్చో, అమ్మకి ఫోన్ చేస్తా."



"ఐ నో, నాన్నా" అంది ధరణి. "ఐ ఆల్వేస్ నో."

జయదేవ్ వంటింటి నేల మీద కూలబడి ఏడ్చాడు. తర్వాత విద్యకి ఫోన్ చేశాడు.

ఆ సీసా మూత మళ్లీ ఎవరూ తియ్యలేదు. తాళం అవ్వ బొడ్లోనే ఉంది. ఇప్పుడు జయదేవ్ బస్సులో వెళ్లి ధరణిని తీసుకొస్తాడు. ఇద్దరూ తడిసి వస్తారు. సింకులో గిన్నెలు అతనే కడుగుతాడు. ఎవరు కడిగారని విద్య అడగడం మానేసింది.