శెట్టిగారి ముహూర్తం, జ్ఞానమణి ఫ్యూజులు

కడపలో పెద్దసుబ్బయ్య శెట్టి బట్టల అంగడిలో కరెంటు పని మొత్తం జ్ఞానమణిదే. ఎవరైనా లైను మీద పనికి దిగుతున్నారంటే చాలు, మూడు ఫ్యూజులూ పీకి, చీర మీద తొడుక్కున్న ఖాకీ చొక్కా జేబులో వేసుకుంటుంది. ఆ మనిషి వచ్చి ఎదురుగా నిలబడితేనే బయటికి తీస్తుంది. బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలో, తడి నేల మీద మోటార్లు బాగుచేస్తూ నేర్చుకున్న పద్ధతి అది.

ఆ రోజు మూడో అంతస్తు ప్రారంభం. పదీ నలభై రెండుకు ముహూర్తం. సరిగ్గా గంట ముందు మిద్దె మీది ఏసీ మోటారు మొరాయించింది. ఆ అంతస్తుకూ దానికీ ఒకటే లైను. ఫ్యూజులు పీకి, తోటి పనివాడు బొజ్జన్నను పైకి పంపింది.

పదిన్నరకు మేనేజరు రాఘవేంద్రప్రసాద్ ఊడిపడ్డాడు.

"ఏమ్మా, ఇంకా చీకటేనా? ఫ్యూజులు పెట్టు!"

"బొజ్జన్న పైన ఉండాడు సార్."

"యాడ పైన? కిందికొచ్చి టీ తాగతాన్నాడంట. వాచ్‌మన్ చూసినాడు."

"నేను చూడలేదు."

ఫోను చేస్తే, బొజ్జన్న ఫోను అక్కడే గోడకు తగిలించిన సంచిలో మోగింది. మేనేజరుకు ఒళ్ళు మండింది.

"శెట్టిగారి ముహూర్తం తప్పిందంటే రేపట్నుంచి నీకు ఈడ పనుండదు, చెప్తాండా!"

ఇంటి బాడుగ, ఇద్దరు పిల్లల చదువు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అయినా జేబు మీది చెయ్యి తీస్తుందా!

"పని పోతే పోనీ సార్. ఆ మనిషిని చూడందే పెట్టను. ఈ బోర్డు వదిలి నేను రాను, మీరే పోయి పిల్చుకోని రాండి."

గొణుక్కుంటూ మిద్దె ఎక్కిన మేనేజరు పాలిపోయిన ముఖంతో దిగాడు. వెనకే గ్రీజుతో నల్లబడిన చేతులతో బొజ్జన్న. అప్పటికి ముహూర్తం దాటిపోయింది. పురోహితుణ్ణి వెంటబెట్టుకుని శెట్టి కూడా బోర్డు దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు.

"టీ తాగి మళ్ళా పైకి పోయినానక్కా. ఒక వైరు వదులుగా ఉండాదని అనుమానమొచ్చి మూత తీసినా. ఇంతసేపూ మూడు వైర్లూ నా చేతిలోనే ఉన్యాయి" అన్నాడు బొజ్జన్న.

ముహూర్తం చూడందే గల్లాపెట్టె కూడా మార్చని మనిషి శెట్టి. బొజ్జన్న చేతుల వైపు ఒకసారి చూశాడు. తర్వాత పురోహితుడి వైపు తిరిగి, "స్వామీ, ఇంగో గడియ చూడండి" అన్నాడు.

పన్నెండుంబావుకు రిబ్బను కత్తిరించారు. మోటారు పనీ ముగియడంతో జ్ఞానమణి ఫ్యూజులు బిగించింది. చుట్టాలూ పక్కాలూ కిక్కిరిసి చూస్తుండగా శెట్టి మెయిన్ స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆగాడు.

"జ్ఞానమణమ్మా, వేయమంటావా?"

ఈ అంగడిలో ఆయన పనివాళ్ళను అడిగి ఏ పనీ చేసింది లేదు. జ్ఞానమణి గర్వంగా తలెత్తింది. బొజ్జన్న పక్కనే ఉన్నాడు. అయినా ఇంకోసారి తిరిగి చూసుకుంది.

"వేయండి శెట్టిగారూ" అంది.