నలభై ఆరో వారం

ఉదయపు ఎండ ఏటవాలుగా వస్తుంది.

దుకాణం అద్దంలోంచి జారి, బల్ల మీద పరిచిన బట్టపై వాలుతుంది. అప్పుడే మరక బయటపడుతుంది. ఎదురుగా చూస్తే ఏమీ ఉండదు — తెల్లటి బట్ట, అంతే. కాస్త వంచి వెలుతురుకు పట్టాలి. దాక్కున్నది లేచి కూర్చుంటుంది.

మరకలు తీయడం నా పని. ముప్పై ఏళ్ళుగా అదే పని. సిరా, నూనె, తుప్పు, నెత్తురు... నా చేతిలోంచి వెళ్ళిన బట్ట మీద మరక ఎక్కడుండేదో కట్టుకున్నవాళ్ళకే గుర్తుండదు.

ఆ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పుకోను.

నాకు ఇంకో పిచ్చి కూడా ఉంది. పాత వారపత్రికలు. ఎవరింటి అటక మీదో ఏళ్ళ తరబడి నిద్రపోయి, చివరికి పాత పేపర్ల కొట్టులో తేలినవి. డిటెక్టివ్ కథలవి, దెయ్యాల కథలవి, బొమ్మల కథలవి. నాసిరకం కాగితం. ముట్టుకుంటే రాలే అంచులు. అట్ట మీద పిస్తోలు పట్టుకున్న మనిషి, వెనక కిటికీలో ఎర్రటి చందమామ. ఇక ఆ వాసన... వానకు తడిసిన మట్టికీ పాత చెక్కకీ మధ్య ఎక్కడో ఉంటుంది. అది ముక్కుకు తగిలితే నాకు అన్నం సంగతి గుర్తుండదు.

ఆదివారం పొద్దున్న ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మేం అయిదారుగురం అక్కడ వాలతాం. ఒకాయన అట్టలు మాత్రమే కొంటాడు. లోపల కథ ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే. ఆయన్ని అట్టల మాస్టారు అంటాం. నన్ను వాళ్ళు బోసమ్మ అంటారు.

నా పళ్ళన్నీ ఉన్నాయి. పేరు వాటి వల్ల రాలేదు.

ఆ రోజుల్లో ఇంటింటా ఒక అలవాటు ఉండేది. పత్రిక చదవడం అయ్యాక సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి దాచేవారు. వాటిని దబ్బనంతో కుట్టి, పిండి జిగురుతో అట్ట వేస్తే ఇంట్లో ఒక నవల తయారు. మిగిలిన పత్రిక పాత పేపర్లలోకి. అందుకే ఇప్పుడు మా చేతికి దొరికే సంచికలన్నింటికీ ఒకే చోట ఖాళీ, పళ్ళూడిన నోట్లోలాగా. బోసివి, అంటారు మావాళ్ళు. చూసి పక్కన పడేస్తారు.

నేను ఏరుకుంటాను.

నాకు కావలసింది సీరియల్ కాదు. సీరియల్ చివరి పేజీ వెనక వైపు ఒక బొమ్మల కథ వచ్చేది. దీపస్తంభంలో ఒంటరిగా ఉండే పిల్ల. దొంగ ఓడలను పట్టిస్తుంది. తుఫానులో దీపం ఆరకుండా ఒళ్ళు అడ్డం పెడుతుంది. తొమ్మిదేళ్ళ వయసులో నాకు ఆ పిల్లే లోకం. సీరియల్ చింపేస్తే ఆ పిల్ల కూడా దానితోపాటే పోయేది. ఒకే కాగితం — అటు వైపు మా అమ్మది, ఇటు వైపు నాది.

అమ్మ ఏ వారం పేజీలు ఆ వారమే కుట్టేది. పుస్తకం వారం వారం లావెక్కేది.

"అమ్మా, ఒక్కసారి చూసి ఇచ్చేస్తానే."

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా."

వంటింట్లో డబ్బాల వెనక దాచేది. కొన్ని రోజులు అక్కడా ఉండేది కాదు. ఎక్కడికి పోయేదో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. కోపం మాత్రం ఉండేది. ఆ కోపాన్ని నలభై ఏళ్ళు దాచుకున్నాను.

మా ఇంటి మధ్యలో అప్పటికే గోడ లేచింది.

అన్నదమ్ములు వేరుపడాలనుకుంటున్నారని ఎవరో తాతయ్య చెవిన వేశారు. ఇంకెవరు, పెద్ద కోడలే అన్నారు అందరూ. అమ్మ అవుననలేదు, కాదనలేదు. తాతయ్య మంచం పట్టాడు. నాన్న ఒక మాట అన్నాడు, బాబాయి రెండన్నాడు. ఇటుకలు వచ్చాయి. మగవాళ్ళు పలకరింపులు మానేసి, ఆడవాళ్ళ చేత కూడా మాన్పించారు. అమ్మా, పిన్నీ ఏడేళ్ళు మాట్లాడుకోలేదు. తర్వాత అన్నదమ్ములు కలిశారు, గోడ కూలింది, తోడికోడళ్ళు మళ్ళీ ఒకచోట కూర్చుని కూరలు తరిగారు.

నాకు తెలిసిన కథ అంతే. మా అమ్మది రాతి గుండె అనుకునేదాన్ని. ఏడేళ్ళు! ఒక్క మాట లేకుండా!

పోయినేడు అమ్మ పోయింది.

ఆమె పెట్టె అడుగున పుస్తకం దొరికింది. నలభై ఆరు వారాలు. పాత క్యాలెండరు కాగితంతో అట్ట. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో... చెప్పడానికి సిగ్గుగా ఉంది. అమ్మ గుర్తొచ్చి కాదు. నా దగ్గర అవే నలభై ఆరు సంచికలు ఉన్నాయి. అన్నీ బోసివి. పదకొండేళ్ళుగా ఏరుకున్నవి. వాటి పళ్ళు ఇదిగో, నా ఒళ్ళో ఉన్నాయి.

బ్లేడుతో కుట్లు తెంపాను.

ఒక్కో కుట్టు టప్‌మని తెగింది. నాకది సంబరంగానే వినిపించింది.

అంచుల్లో పెన్సిల్ గీతలు ఉన్నాయి. సన్నగా, ఊదితే ఎగిరిపోయేంత సన్నగా. అక్షరాలేనని తెలుస్తూనే ఉంది. ఇంటి లెక్కలేమో, సరుకుల చీటీలేమో అనుకున్నాను. చదవలేదు. మరకను ఎవరు చదువుతారు?

మెత్తటి రబ్బరు తెచ్చాను. కాగితం నలగకుండా, ఒకే వైపుకు, ఊపిరి బిగబట్టి. సాయంత్రం దుకాణం కట్టేశాక రోజుకో రెండు పేజీలు. నాలుగు నెలలు పట్టింది. బల్ల మీద రబ్బరు పొట్టు సన్నటి ఇసుకలా పేరుకునేది. ఊదేసేదాన్ని.

ఊదేసేదాన్ని...

పేజీలను వాటి సంచికల్లోకి తిరిగి చేర్చి, ఒక ఆదివారం తీసుకెళ్ళి చూపించాను. అట్టల మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ చూశాడు.

"అమ్మా బోసమ్మా, ఇక నీకు పేరు మార్చాలి. ఒక్క గీత లేదు. ఒక్క మడత లేదు. ఎలా చేశావు తల్లీ?"

ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

పోయిన నెల పిన్ని దుకాణానికి వచ్చింది. ఉన్ని శాలువా ఉతకాలంది. శాలువా శుభ్రంగానే ఉంది. స్టూలు మీద కూర్చుని, కొంగు సర్దుకుని, లేచి, మళ్ళీ కూర్చుంది. ఆమె కళ్ళకు పొరలు వచ్చాయి. మనిషిని గొంతుతో పోల్చుకుంటుంది, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే గాని చదవలేదు.

"మీ అమ్మ కుట్టిన సీరియల్ పుస్తకం ఉందా తల్లీ? ఒక్క వారం ఉంచుకుని ఇచ్చేస్తా."

"పుస్తకమెందుకు పిన్నీ, అసలు పత్రికలే ఉన్నాయి. చూద్దువుగాని," అని లోపలి గదిలోంచి పెట్టె మోసుకొచ్చాను.

ఆమె అన్నీ పక్కకు నెట్టి చివరిది తీసింది. నలభై ఆరో వారం. కథ ముగిసిన పేజీ. అచ్చు వైపు చూడలేదు. అంచును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. తర్వాత వేలితో తడిమింది, పైనుంచి కిందికి. మళ్ళీ తడిమింది.

"ఇక్కడ ఏదో రాసి ఉండాలే..."

"ఎందుకుండదు పిన్నీ, అన్ని పేజీల్లోనూ ఉండేది. నాలుగు నెలలు కూర్చున్నాను. ఒక్క గీత మిగలకుండా తీసేశాను!"

గర్వంగా అన్నాను. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. గర్వంగా అన్నాను.

పిన్ని పేజీని బల్ల మీద పెట్టింది.

"శుభ్రంగానే ఉందమ్మా," అంది.

శాలువా మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా, వీధిలోకి చూస్తూ.

"శుక్రవారం మీ అమ్మ దాన్ని పెరటి గోడ మీద పెట్టేది. నేను తీసుకునేదాన్ని. సోమవారం నేను పెడితే తను తీసుకునేది. ఏడేళ్ళూ మేం మాట్లాడుకోలేదనుకున్నారు అందరూ. ఆ సీరియల్ వచ్చిన ఏడాదంతా మాట్లాడుకుంటూనే ఉన్నాం తల్లీ. ముప్పై ఒకటో వారంలో నీ జ్వరం ఉంది. మూడు వారాలు నడిచింది. తగ్గిందా అక్కా అని నేను. ఇవాళ గంజి తాగిందని తను. మగాళ్ళ కంట పడకూడదని సన్నగా రాసేవాళ్ళం."

సన్నగా. అందుకే అంత తేలిగ్గా పోయింది.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"తాతయ్యతో ఆ మాట చెప్పింది మీ అమ్మ కాదమ్మా. నేను. వేరే కాపురం పెట్టాలని నాకే తొందర. నింద తన మీదికి పోయింది. తనకు తెలుసు నేనేనని. నోరు విప్పలేదు. చివరి వారంలో నేను రాశాను... తప్పు నాదే అక్కా, క్షమిస్తావా అని. తర్వాత పుస్తకం రాలేదు. సీరియల్ అయిపోయింది కాబట్టి రాలేదో, నా రాత చదివి పంపలేదో..."

"గోడ పోయాక అడగొచ్చు కదా పిన్నీ?"

"ఏ మొహం పెట్టుకుని అడగను? తనేమో ఏమీ జరగనట్టే ఉండేది. నాకు నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. జవాబు రాసే ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు చూద్దాంలే అనుకున్నా. మీ అమ్మ ఏదీ జవాబు లేకుండా వదలదు."

లేచింది. శాలువా మరిచిపోయి వెళ్ళింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

ఆ రాతి గుండె అమ్మది కాదు, నాదేనని ఇప్పుడు తెలిసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్న ఆ పేజీని బల్ల మీద పరిచాను. ఎదురుగా ఏమీ లేదు. ఎండ ఏటవాలుగా వచ్చేదాకా కూర్చున్నాను. కాగితాన్ని వంచాను. పెన్సిల్ పోయినా ఒత్తిన గాడి మిగులుతుంది, పలకను తుడిచినా గీత మిగిలినట్టు. జీవితంలో మొదటిసారి నా పనితనం తక్కువై ఉండాలని మొక్కుకున్నాను.

పిన్నిది ఒత్తి రాసే చేయి. రాత పైకి తేలింది... *తప్పు నాదే అక్కా.*

దాని కింద ఖాళీ.

ఖాళీయేనా? అమ్మ చేయి తేలిక. తల దువ్వినా, జడ వేసినా తెలిసేది కాదు. అక్కడ ఒక వంపు ఉన్నట్టుంది. అక్షరానికి మొదలేమో. నా రబ్బరు గీసిన గీతేమో. ఒకసారి ఉంటుంది. మబ్బు వస్తే ఉండదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాను. చిత్తు కాగితం మీద అమ్మ రాతను పట్టుకోబోయాను — ఆ విడివిడి తలకట్టు, ఆ చిన్న సున్న. *ఎప్పుడో క్షమించాను* అని రాశాను. అచ్చం అమ్మదే. పిన్ని కళ్ళకు ఏం తెలుస్తుంది? ఆ కాగితాన్ని పేజీ పక్కన పెట్టి చాలాసేపు చూశాను. తర్వాత ఉండచుట్టి పొయ్యిలో వేశాను. మంచితనం వల్ల కాదు. భయం వల్ల.

కాగితం తిప్పితే వెనక నా బొమ్మల కథ. తుఫాను వెలిసింది, ఆ పిల్ల దీపం ఆర్పుతోంది. నలభై ఏళ్ళు ఎదురుచూసిన ఆఖరి బొమ్మ. దాన్ని చూడబుద్ధి కాలేదు.

ఇవాళ పిన్ని శాలువా కోసం వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. నేను శాలువా ఇవ్వలేదు. పేజీ తెచ్చాను.

"క్షమించు పిన్నీ, చదవకుండా తుడిచేశాను," అన్నాను. ఈ మాట చెప్పడానికి నెల పట్టింది.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది.

"అదంతా తర్వాత. నీ కళ్ళు మంచివి. మీ అమ్మ ఏమైనా రాసిందా లేదా? రాయకపోతే రాయలేదని చెప్పు, వింటా. ఉత్తమాట మాత్రం చెప్పకు."

కాగితాన్ని వంచాను. కాస్త కుడికి. కాస్త కిందికి. పిన్ని ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. పొరలు కమ్మిన ఆ కళ్ళు కాగితం మీద లేవు, నా ముఖం మీద ఉన్నాయి.

"ఉందా తల్లీ?"

బయట మబ్బు కదులుతోంది.

అద్దంలోంచి ఎండ ఏటవాలుగా జారి, అంచు మీదికి వస్తోంది...