అబ్బులు మూత తీసిన సీసా

నేను ఒక గాజు సీసాను. కొలిమిలోంచి బయటపడగానే నా కడుపు నిండా జామ్ పోశారు. ఒక ఇంటివాళ్లు ఆ జామ్ తిని, అడుగున మిగిలింది వేళ్లతో గీరి నాకి, నన్ను పాత సామాన్లవాడి తోపుబండిలో పడేశారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. కానీ గోదావరి లంకలకు దగ్గర్లో, అరటి పిలకల్ని కత్తితో కోసి, ఆ ముక్కల్ని సీసాల్లో మొక్కలుగా పెంచే ఒక ప్రయోగశాలవాళ్లు నాలాంటి సీసాల కోసమే వెతుకుతున్నారట. అక్కడ నన్ను తోమి, పెద్ద కుక్కర్ లాంటి పెట్టెలో ఆవిరికి ఉడికించి, మళ్లీ తోమి, మళ్లీ ఉడికించారు. పెళ్లికొడుక్కైనా అన్ని స్నానాలు ఉండవు.

అలా సువార్త చేతికి వచ్చాను. ఆమె మూతికి గుడ్డ కట్టుకుని, పక్కన మంట పెట్టుకుని, కత్తిని అందులో కాల్చి మొక్కల్ని కోస్తుంది. కోసేటప్పుడు మాట్లాడకూడదు. నోటి గాలి తగిలినా మొక్కకు బూజు పడుతుంది. సువార్తకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఆపుకున్న మాటలన్నీ టీ తాగేటప్పుడు ఒక్కసారే బయటికి వచ్చేవి.

ఒకరోజు అబ్బులు అనే లంక రైతు తడి గోనెలో అరటి పిలకను చుట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చాడు. అతని అమృతపాణి తోటకు ఎండు తెగులు పట్టింది. అది వాళ్ల తాత నాటిన రకం, చుట్టుపక్కల లంకల్లో మరెక్కడా లేదు. ఈ ఒక్క పిలకే పచ్చగా మిగిలింది. గింజలు దాచుకుని మళ్లీ వేసుకుందామంటే అరటిపండులో మొలిచే గింజ ఉండదు. ఇదీ ఎండిపోతే ఆ అరటి ఇక లేనట్టే.

సువార్త ఆ పిలకను పొరలు పొరలుగా ఒలిచింది. తెగులు చేరని చిట్టచివరి మొన, బియ్యపుగింజంత, మాత్రం తీసి నాలో పెట్టింది. అబ్బులు మొహం మాడిపోయింది.

"ఇంత పిలక తెత్తే గింజంత మిగిల్చేవేంటమ్మా?"

"తోటంతా ఆ గింజలోనే ఉందండి," అంది సువార్త.

అది నిజమేనని చెప్పడానికి సాక్షిని నేనే. ఆ మొనలో కంటికి కనపడని కణాలుంటాయి. రెండుగా విడిపోవాలనుకున్న కణం తొందరపడదు. ఆకు ఎంత వెడల్పుండాలి, పండు ఎంత తీయగా ఉండాలి అన్న రాతంతా దాని లోపలి దారాల్లో ఉంటుంది. ముందు ఆ దారాలన్నిటికీ అచ్చం అలాంటివే జత తయారుచేసుకుంటుంది. తర్వాత వాటిని నడిమధ్య వరసగా నిలబెట్టి, ప్రతి జతలోనూ ఒకదాన్ని అటూ ఒకదాన్ని ఇటూ లాగుతుంది. ఇద్దరికీ సమానంగా అందాకే మధ్యలో గోడ కడుతుంది. మనుషులు ముందు గోడ కట్టేసి, ఆనక పంపకాల కోసం కోర్టుకెక్కుతారు.

అలా ఒకటి రెండై, రెండు నాలుగై, ఆ గింజ కాస్తా ఆకులు వేసింది. ఎదగడమంటే ఇంతే. పక్కనే పిల్లమొనలు కూడా లేచాయి. సువార్త వాటిలో కొన్నిటిని నాలోనే ఉంచి, మిగతావి విడదీసి వేరే సీసాల్లో పెడితే ఒక్కొక్కటీ ఒక మొక్కయి కూర్చుంది. పెళ్లి లేదు, మేళం లేదు, పిల్లలు మాత్రం పుట్టేశారు. కిటుకు అదే, కణం రెండవడం.

అబ్బులు ఏదో పనున్నట్టు వచ్చి చూసిపోయేవాడు. సీసాలో తోటేమిటని వాళ్లావిడ సత్తెమ్మ నవ్వుతోందని, ఒక్క సీసా ఇంటికి తీసుకెళ్లి చూపిస్తానని బతిమాలాడు. సువార్త మెత్తబడి నన్ను అతని చేతిలో పెట్టింది. మూత మాత్రం తీయొద్దని గుమ్మం దాకా వెంటబడి మరీ చెప్పింది.

సత్తెమ్మ చూసింది, ఇరుగుపొరుగు చూశారు. ఎండ ముదిరేసరికి నా లోపలి గోడలకు నీటిబొట్లు పట్టాయి. అబ్బులు ప్రాణం విలవిల్లాడింది. పిల్లలకు చెమటలు పడుతున్నాయి, ఊపిరాడటం లేదు అనుకున్నాడు. కత్తిమొనతో నా మూత ఎగదీసి, విసనకర్రతో విసిరి, చెంచాడు ఏటినీళ్లు పోసి, తృప్తిగా మూత పెట్టాడు. అన్నిసార్లు ఉడికి సంపాదించుకున్న నా శుభ్రమంతా గోదాట్లో కలిసింది.

రెండు రోజులకు సువార్త ఫోన్ చేసింది. మొక్కల్ని కొత్త సీసాల్లోకి మారుస్తుండగా కరెంటు పోయి, గాలిని వడకట్టే యంత్రం ఆగిపోయి, మిగతా సీసాలన్నీ బూజు పట్టాయట. ఇక మిగిలింది అబ్బులు ఇంట్లో ఉన్నదొక్కటేనట. అబ్బులు అరుగు మీద కూలబడ్డాడు. అప్పటికే నా అడుగున తెల్లగా నూగు లేచింది. బస్సులో నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు గానీ దారిపొడుగునా నావైపు చూడలేదు. నాకూ భయమేసింది.

"చెమట పట్టిందనుకున్నానమ్మా," అన్నాడు సువార్తతో. "గాలాడక చచ్చిపోతాయేమోనని మూత తీసేను."

ఆమె గబగబా మూతికి గుడ్డ కట్టుకుంది. నన్ను వెలుగుకి ఎత్తి తిప్పి తిప్పి చూసింది. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న మొక్క కొనకు నూగు ఇంకా అందలేదు. ఆ కొనను కోసి, మందునీళ్లలో కడిగి, మళ్లీ గింజంత మొనే మిగిల్చి కొత్త సీసాలో పెట్టింది. ఈసారి ఎంత మిగిలిందని అబ్బులు అడగలేదు. కోసే గది అద్దం అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బూజు కోసం అందరూ ఎదురుచూశారు. బూజు రాలేదు, ఆకు వచ్చింది.

మూత తీసిననాడు అబ్బులు కత్తికి నా అంచు పెచ్చు లేచింది. ప్రయోగశాలకు ఇక పనికిరానని పక్కన పడేస్తే అతనే అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు సత్తెమ్మ వంటింటి అలమరలో మాగాయతో ఉన్నాను. కిటికీలోంచి చూస్తే తెగులు సోకని కొత్త నేల చెక్కలో అమృతపాణి చెట్లు వరసగా కనపడతాయి. అన్నీ ఒక్క గింజ పిల్లలే. నిజం చెప్పొద్దూ, నాకు వాటిని చూస్తే అసూయే. వాటిని కోసిన కొద్దీ పెరిగాయి. నేను రెండైతే పెంకులు ఏరుకోవడమే.

మొన్న తొలి గెల కోశారు. అందులో మొదటి అత్తం పళ్లు సువార్తకు వెళ్లాయి. ఆ పూట అబ్బులు అన్నం ముందు కూర్చుని, నన్ను చేతిలోకి తీసుకుని, మూత మీద వేళ్లు పెట్టి ఆగిపోయాడు.

"సత్తెమ్మా, మూత తియ్యొచ్చా?"

రోజూ అడుగుతాడు. ఆవిడ తియ్యమనేదాకా తియ్యడు.