ఏడో ప్రశ్న

చూస్తూనే ఉన్నారుగా, నేను ఒక రూళ్ల నోటుపుస్తకాన్ని. గోదావరి ఒడ్డున ఒక మిల్లులో వెదురు గుజ్జులోంచి పుట్టి, నడుముకి రెండు పిన్నులు గుచ్చించుకుని, అంబాజీపేట సెంటర్లో ఒక కొట్టుకి చేరాను. లెక్కల్లో వందకి వంద తెచ్చుకునే పిల్ల చేతిలో పడతానని కలలు కన్నాను. కొన్నది మాత్రం ఆశా కార్యకర్త మార్తమ్మ.

మార్తమ్మకొక పిచ్చి. ఊళ్లో ఎవరు కాకినాడ పెద్ద డాక్టరు దగ్గరికి బయల్దేరినా, ముందురోజు వాళ్లింటి అరుగు మీద చతికిలబడి, ఏమేం అడగాలో నాలో రాసి, నన్ను వాళ్ల చేతికిచ్చి పంపేది. ఈ మనుషుల సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఇంటి దగ్గర లక్ష సందేహాలు. డాక్టరు ఎదుట కూర్చోగానే "అంతా మీ దయ బాబుగారూ" అనేసి లేచొస్తారు. తిరుగు బస్సెక్కాక అన్నీ గుర్తొస్తాయి. ఒకావిడైతే, నన్ను చూపిస్తే డాక్టరు ఎక్కడ కోప్పడతాడోనని, బయట చీటీలిచ్చే అమ్మాయికి నన్నంతా చదివి వినిపించి, తృప్తిగా ఇంటికొచ్చేసింది. ఏం చెప్పను!

గనిరాజు పేజీ దగ్గరికి వచ్చేసరికి నా నవ్వు ఆగిపోయింది.

గనిరాజు కొబ్బరి దింపు తీసేవాడు. నలభై అడుగుల చెట్టు చకచకా ఎక్కే మనిషి, గుమ్మం మెట్టెక్కడానికి ఆయాసపడుతున్నాడు. కాలేయంలో గడ్డ అన్నారు. భార్య వీరవేణి చెబుతుంటే మార్తమ్మ ఆరు ప్రశ్నలు రాసింది. మందులు అన్నానికి ముందా తర్వాతా, కూరలో ఉప్పు వేయొచ్చా, కాళ్ల వాపు తగ్గుతుందా, అలాంటివి. ఏడు అని అంకె వేసి ఆగింది.

"ఎన్నాళ్లుంటారో అడగాలి కదే వీరవేణీ."

వీరవేణి గబుక్కున ఆవిడ నోరు మూసేసింది. "బాబోయ్, అంత మాట అనకక్కా! తథాస్తు దేవతలుంటారు. రాయకు, నీకు పుణ్యముంటాది."

"మరి సూరిబాబు సంగతో?"

సూరిబాబు గనిరాజు తమ్ముడు, వేరే ఊళ్లో ఉంటాడు. గట్టు మీది కొబ్బరిచెట్టు ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగి, తొమ్మిదేళ్లుగా అన్నదమ్ములకి పలకరింపుల్లేవు. మంచం పట్టాక గనిరాజు రోజూ తమ్ముడి పేరే ఎత్తుతున్నాడు. కబురుపెడితే కడచూపుకి పిలిచినట్టుంటుందని వీరవేణి భయం. మనిషి కాస్త తేరుకున్నాక పిలవొచ్చులే అని ఆశ. రోజులు తక్కువని తెలిస్తే మాత్రం ఆ పూటే పిలుస్తుంది. అంతా ఆ ఒక్క జవాబు మీదే ఉంది.

"సరే, రాయనులే. అంకె ఉండనీ. ఆయన్ని కాసేపు బయట కూర్చోబెట్టి నువ్వే నోటితో అడుగు" అంది మార్తమ్మ.

తీరా కాకినాడ వెళ్లాక గనిరాజు బయట కూర్చోలేదు. డాక్టరు మంచివాడే. నన్ను అందుకుని ఆరింటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. తర్వాత, "ఏడోది ఖాళీగా ఉందేంటమ్మా?" అన్నాడు.

వీరవేణి మొగుడి వంక చూసింది. అడుగు తల్లీ, అడుగు అని నాలో నేను ఎంత మొత్తుకున్నానో! కాగితానికి నోరెక్కడిది?

"అంకె తప్పు పడిందండి" అన్నాడు గనిరాజు నవ్వుతూ. వీరవేణి కూడా తలూపింది. అతనికి అంతా తెలుసనే నాకనిపిస్తుంది. ఒకరినొకరు కాపాడుకున్నామనుకున్నారు, పిచ్చివాళ్లు.

కాకినాడ నుంచి వచ్చిన పద్దెనిమిదో రోజున గనిరాజు పోయాడు. అంతకుముందు రెండు రోజులూ తలుపు వైపే చూస్తూ "సూరిగాడొచ్చాడా?" అని అడుగుతూనే ఉన్నాడు. చివరి పూట తమ్ముడికి కబురు వెళ్లేసరికి గనిరాజుకి మాట పడిపోయింది. తమ్ముడు వచ్చేసరికి మనిషే లేడు.

పెద్దకర్మ అయిన మర్నాడు సూరిబాబు వదిన ఎదుట కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఒక్క మాట చెప్పుంటే పరిగెత్తుకొద్దును కదా వదినా! నేనంత పనికిరానోణ్ణయిపోయానా?"

వీరవేణి లేచి వెళ్లి నన్ను తెచ్చింది. ఆ పేజీ తీసి, ఏడో అంకె పక్కన ఖాళీ మీద వేలు పెట్టింది.

"ఇది నీ గురించేనయ్యా" అంది. "నేనే రాయనివ్వలేదు."

సూరిబాబు నన్ను పట్టుకెళ్లిపోయాడు. మార్తమ్మ ఇంకో పుస్తకం కొనుక్కుంది. ఇప్పుడు నేనతని ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉంటాను. అతను చేలోంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ పేజీ తీసి కూర్చుంటాడు. చదవడానికి అక్కడ ఏమీ లేదు. అయినా చాలాసేపు చూస్తాడు.