మోత మారిన చోట

పెళ్లయి నెల తిరక్కముందే పదిమంది ముందు చొక్కా విప్పి పడుకోవాల్సి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. క్లాసుకు రావాల్సిన పేషెంటు రాలేదని భార్య ఫోన్ చేసింది. "ఏవండీ, ఒక్క గంట పర్మిషన్ పెట్టి రండి. నోరు మాత్రం విప్పకండి" అంది. బ్యాంకులో పక్కసీటు వాడికి పని అప్పజెప్పి, గాల్లో తేలుతూ వచ్చేశాడు.

మెడికల్ కాలేజీలో ఆమె కొత్త టీచరు. ఇవాళ వెనక బల్ల మీద డిపార్టుమెంటు హెడ్డు, పెద్ద మేడమ్, కూర్చుంది. పాఠం నచ్చితే ఈ బ్యాచ్ ఆమెది. లేకపోతే మళ్లీ ఇంకొకరి పక్కన నిలబడి చార్టులు పట్టుకోవడమే. ఆమెకున్న జబ్బల్లా ప్రశ్నా తనే వేసి, జవాబూ తనే చెప్పేయడం. ఇంట్లోనూ అంతే. "కాఫీ తాగుతారా? తాగుతార్లెండి" అంటుంది. దానికే అతను రోజూ మురిసిపోతాడు. పెద్ద మేడమ్ మురిసిపోయే రకం కాదు. "పిల్లల నోటి దగ్గర జవాబు లాగేసుకుంటున్నావమ్మా" అని మొన్ననే అంది.

విద్యార్థుల్లో ఒక అమ్మాయి అతని కుడి పక్కటెముకల మధ్య ఒక వేలు ఆనించి, దాని మీద రెండో చేతి వేలితో టక్ టక్ మని కొడుతూ కిందికి దిగింది. డొల్లగా మోగుతున్న ఛాతీ ఒకచోట మొద్దుగా పలికింది. అమ్మాయి చూసుకోకుండా దాటిపోయింది.

"ఏం మారింది?" అంది భార్య.

అమ్మాయి తెల్లమొహం వేసింది. భార్య పెదవులు కదిలాయి. చెప్పేస్తోంది, అయిపోయింది అనుకున్నాడతను. జవాబు అతని నాలుక చివరే ఉంది. పొద్దున అద్దం ముందు ఆమె వల్లె వేస్తుంటే విన్నాడు మరి. ఆమె పెదవి పంటితో నొక్కిపెట్టి కిటికీ వైపు తిరిగింది.

అమ్మాయి మళ్లీ పైనుంచి కొట్టుకుంటూ వచ్చింది. ఆగి, పెన్నుతో గీత గీసింది.

"ఇక్కడ మోత తగ్గింది మేడమ్."

"ఎందుకు?"

అమ్మాయి గీతకు పైనా, కిందా ఇంకోసారి కొట్టి చూసింది.

"పైన ఊపిరితిత్తిలో గాలుంది. ఇక్కడ... లివర్! లివర్ దొరికింది మేడమ్!"

పెద్ద మేడమ్ లేచింది. "ఈ బ్యాచ్ ఇక నీదేనమ్మా" అంది.

తర్వాతి కుర్రాడు అదే గీత దగ్గర కొట్టి కంగారుపడ్డాడు. "ఇక్కడ డొల్లగానే ఉంది మేడమ్! లివర్ కిందికి జారిపోయింది!"

"ఎందుకు జారింది?" అని ఆమె ఊరుకుంది.

కుర్రాడు పేషెంటు మొహంలోకి తేరిపార చూశాడు. "సార్ ఛాతీ పొంగించి ఊపిరి బిగబట్టారు మేడమ్. ఆ గాలి లివర్ని కిందికి తోసేసింది."

"వదలండి" అంది ఆమె, నవ్వాపుకుంటూ.

అతనికి వదలబుద్ధి కాలేదు.